కంటిపై ఇన్ఫెక్షన్లు, మధుమేహం, క్యాన్సర్ ప్రభావం

ఇన్ఫెక్షన్లు, మధుమేహం, క్యాన్సర్ అనే మూడు రకాల వ్యాధులు కంటికి నేరుగా సోకి గాని, శరీరంలోని ఇతర భాగాల నుండి వ్యాపించి గాని చూపును దెబ్బతీస్తాయి. కొన్ని సందర్భాలలో ఇవి ప్రాణాపాయానికి కూడా దారితీస్తాయి. వయసు మీరినవారిలో వచ్చే శుక్లాలకు శస్త్రచికిత్స చేస్తే మందగించిన చూపు చాలావరకు తిరిగి వస్తుంది. సాధారణ దృష్టిదోషానికి కళ్ళజోడు సరిపోతుంది. కానీ ఈ మూడు వ్యాధుల వలన రెటీనా లేదా దృక్‌నాడి తీవ్రంగా దెబ్బతిన్నచో, పోయిన చూపును తిరిగి తెప్పించడం సాధారణంగా సాధ్యం కాదు. మిగిలిన చూపును కాపాడటమే అప్పుడు చికిత్స లక్ష్యం అవుతుంది. అందువలన ఈ వ్యాధులలో ఫలితం చాలావరకు రోగి ఎంత త్వరగా వైద్యుని వద్దకు చేరాడన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. తెలంగాణలోని మెదక్ పట్టణం, దాని పరిసర గ్రామాల పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాధుల స్వరూపం, చికిత్స, నివారణ ఈ వ్యాసంలో వివరించబడినవి.

కంటి నిర్మాణం

కంటి ముందుభాగాన గడియారపు అద్దమువలె ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని వెనుక కంటిపాప, ఆ వెనుక కటకం ఉంటాయి. కటకం వెనుక ఉన్న ఖాళీని జెల్లీవంటి ద్రవం నింపి ఉంచుతుంది. కంటి లోపలి గోడకు అంటుకొని ఉండే పలుచని పొర రెటీనా. దీనిపై పడిన ప్రతిబింబం దృక్‌నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. చదవడానికి, ముఖాలను గుర్తుపట్టడానికి తోడ్పడే రెటీనా మధ్యభాగాన్ని మాక్యులా లేదా పచ్చచుక్క అంటారు.

కార్నియా, కటకం మసకబారితే వాటిని మార్చవచ్చును. రెటీనాను, దృక్‌నాడిని మార్చే విధానం మాత్రం లేదు. శరీరంలోని సన్నని రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు రెటీనా ఒక్కటే. అందుచేతనే మధుమేహం, రక్తపోటు, క్షయ, రక్త క్యాన్సర్ వంటి అనేక వ్యాధుల జాడలు కంటి పరీక్షలో బయటపడుతుంటాయి.

మెదక్ ప్రాంతం - నేపథ్యం

మెదక్ పట్టణం హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. జిల్లాకు ఈ ఊరి పేరే ఉన్నప్పటికీ చాలాకాలం జిల్లా కేంద్రంగా సంగారెడ్డి ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లా కేంద్రమైనది. మంజీరా నదిపై ఉన్న ఘనపురం ఆనకట్ట, పోచారం చెరువు, వందలాది ఊరి చెరువుల క్రింద ఇక్కడ వరి విస్తారంగా పండుతుంది. ప్రజలలో ఎక్కువమంది వ్యవసాయంపై ఆధారపడినవారు. క్రింద వివరించబోయే కార్నియా పుండుకు, ఈ వృత్తికి దగ్గర సంబంధం కలదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంధత్వంపై 1996 - 2000 మధ్యకాలంలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఒక విస్తృత అధ్యయనం జరిపింది. హైదరాబాదు నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10 వేల మందికి పైగా ప్రజలను ఇందులో పరీక్షించారు. జనాభాలో 1.84 శాతం మంది అంధులని, ఈ అంధత్వంలో 60 శాతం శుక్లాలు, దృష్టిదోషాల వలన కలిగినదని తేలింది. అనగా అధికభాగం సులువుగా నయం చేయగలిగినదే. మిగిలిన భాగంలో కార్నియా, రెటీనా, దృక్‌నాడి వ్యాధులు ముఖ్యమైనవి. శుక్లాల శస్త్రచికిత్సలు పెరిగేకొద్దీ ఈ రెండవ భాగపు ప్రాముఖ్యం పెరుగుతున్నది.

ఇన్ఫెక్షన్లు

కళ్ళకలక

కంటి తెల్లగుడ్డుపై ఉండే పలుచని పొర వాయడాన్ని కళ్ళకలక అంటారు. ఎక్కువగా ఎడినోవైరస్‌ల వలన వస్తుంది. కళ్ళు ఎర్రబడటం, నీరు కారడం, పుసులు కట్టి ఉదయాన రెప్పలు అంటుకొనిపోవడం దీని లక్షణాలు. 2023 జూలై, ఆగస్టు నెలలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇది విస్తృతంగా వ్యాపించి, పాఠశాలలలో, వసతిగృహాలలో అనేకమంది పిల్లలకు సోకింది. చేతులు, తువ్వాళ్ళు, దిండ్ల ద్వారా ఒకరి నుండి మరొకరికి అంటుకుంటుంది. కళ్ళకలక ఉన్నవారి కళ్ళలోకి చూసినంత మాత్రాన వ్యాధి సోకదు. సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. కళ్ళకలకలో చూపు తగ్గదు, తీవ్రమైన నొప్పి ఉండదు. ఈ రెంటిలో ఏది కనిపించినా అది కళ్ళకలక కాదని భావించి వెంటనే పరీక్ష చేయించుకోవలెను.

కార్నియా పుండు

గ్రామీణ ప్రాంతాలలో ఇన్ఫెక్షన్ వలన చూపు కోల్పోవడానికి కార్నియా పుండు ప్రధాన కారణాలలో ఒకటి. వరి కోసేటప్పుడు, నూర్చేటప్పుడు, తూర్పార పట్టేటప్పుడు వరిపొట్టు, గడ్డిపరక, ముల్లు కంటికి తగిలితే కార్నియాపై చిన్న గీత పడుతుంది. మొక్కలపై, మట్టిలో ఉండే బూజు జాతి శిలీంధ్రాలు ఆ గీతలోనుండి లోపలికి ప్రవేశిస్తాయి. వీటిలో ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ ముఖ్యమైనవి. బాక్టీరియా, హెర్పిస్ వైరస్, అకాంతమీబా అనే ఏకకణజీవి కూడా కార్నియా పుండును కలిగిస్తాయి. శుభ్రత లేకుండా కాంటాక్ట్ లెన్సులు వాడేవారిలో కూడా ఈ వ్యాధి వస్తుంది.

శిలీంధ్రాల వలన కలిగిన పుండు మొదట నెమ్మదిగా పెరుగుతుంది. నలక పడిన కన్ను రెండు మూడు రోజులలో సర్దుకుంటుందని రైతులు పని మానక వేచి ఉండటం సాధారణం. ఈలోగా ఆకు పసరు, చనుబాలు, ఆముదం వంటివి కంటిలో పోయడం వలన కొత్త క్రిములు చేరి పుండు ముదురుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో స్టిరాయిడ్ చుక్కలు కొని వాడటం. ఇవి ఎరుపును, నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తాయి. కానీ కంటి రోగనిరోధక శక్తిని అణచివేయడం వలన శిలీంధ్రం లోతుగా పాకిపోతుంది. కన్ను బాగుపడుతున్నదని రోగి భావిస్తున్న సమయంలోనే కార్నియాకు రంధ్రం పడే స్థితి ఏర్పడుతుంది.

నిర్ధారణకు పుండు అంచును గీకి తీసిన నమూనాను సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. శిలీంధ్రమైతే నాటమైసిన్ చుక్కలు, బాక్టీరియా అయితే యాంటీబయోటిక్ చుక్కలు గంటగంటకు వేయవలసి ఉంటుంది. పుండు మానినచోట తెల్లని మచ్చ మిగులుతుంది. దీనినే వాడుకలో కంటిలో పువ్వు వేయడం అంటారు. మచ్చ కంటిపాపకు ఎదురుగా ఉంటే చూపు పోతుంది. అప్పుడు కార్నియా మార్పిడి ఒక్కటే మార్గం. ఇది మరణించినవారి నేత్రదానంపై ఆధారపడి ఉన్నది.

ట్రకోమా

క్లమీడియా ట్రకోమాటిస్ అనే బాక్టీరియా వలన కలిగే ఈ వ్యాధిలో పదేపదే ఇన్ఫెక్షన్ సోకి రెప్ప లోపలి భాగం ముడుచుకుపోతుంది. వెంట్రుకలు లోనికి తిరిగి కార్నియాను రాపిడి చేస్తాయి. ఒకప్పుడు భారతదేశంలో అంధత్వానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. మంచినీరు, పారిశుధ్యం, యాంటీబయోటిక్ మందులు ఇందుకు తోడ్పడినవి.

శరీరంలోని ఇన్ఫెక్షన్లు కంటికి పాకడం

* క్షయ: కంటి మధ్యపొర వాచి చూపు మందగిస్తుంది. క్షయ చికిత్సలో వాడే ఇథాంబ్యుటాల్ అనే మందు కొందరిలో దృక్‌నాడిని దెబ్బతీస్తుంది. ఆ మందు వాడేటప్పుడు చూపు మసకబారినా, రంగులు సరిగా తెలియకపోయినా వెంటనే వైద్యునికి తెలపవలెను. మందును మాత్రం సొంతంగా ఆపరాదు.
* కుష్ఠు: ముఖనాడి చచ్చుబడటం వలన రెప్ప మూసుకొనదు. కార్నియా స్పర్శ కోల్పోవడం వలన నలక పడినా తెలియదు. ఈ రెండూ కలిసినప్పుడు నొప్పి లేకుండానే కన్ను పోతుంది. మెదక్‌కు ఉత్తరాన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు కుష్ఠురోగుల ఆసుపత్రిని ప్రారంభించారు. వారు మెదక్ చర్చిని నిర్మించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పనిచేసిన వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందినవారు.
* హెచ్.ఐ.వి.: రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో సైటోమెగలోవైరస్ రెటీనాను నాశనం చేస్తుంది. హెచ్.ఐ.వి. మందులు క్రమంగా వాడేవారిలో ఇది అరుదు.
* రుబెల్లా: గర్భిణికి మొదటి నెలలలో సోకితే బిడ్డ శుక్లాలతో పుట్టవచ్చును. తెలంగాణలో 2017 ఆగస్టులో తట్టు - రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనది.
* తట్టు: విటమిన్ ఏ లోపం ఉన్న పిల్లలకు తట్టు సోకితే కార్నియా మెత్తబడి కరిగిపోయే ప్రమాదం కలదు. రేచీకటి ఈ లోపానికి తొలి సూచన.
* అక్కి: నుదుటిపై, ముక్కు కొనపై పొక్కులు లేచినచో కంటికి కూడా సోకే అవకాశం ఎక్కువ.

బ్లాక్ ఫంగస్

ఇన్ఫెక్షను, మధుమేహం ఒకదానికొకటి ఎట్లు తోడవుతాయో మ్యూకర్‌మైకోసిస్ అనే వ్యాధి స్పష్టంగా చూపుతుంది. దీనినే బ్లాక్ ఫంగస్ అన్నారు. దీనికి కారణమైన శిలీంధ్ర బీజాలు మట్టిలో, కుళ్ళిన ఆకులలో, గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. ఆరోగ్యవంతులకు హాని చేయవు. రక్తంలో చక్కెర అదుపు తప్పినవారిలో ఇవి ముక్కు, సైనస్‌ల గుండా కంటిగుంటకు, అక్కడి నుండి మెదడుకు పాకుతాయి. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి సమయంలో అధిక చక్కెర, స్టిరాయిడ్ల వాడకం కలిసి ఈ వ్యాధి దేశమంతటా పెచ్చరిల్లింది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీనిని తప్పనిసరిగా నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ప్రధాన చికిత్సా కేంద్రంగా నిర్ణయించబడినది. చెంప మొద్దుబారడం, ముక్కు నుండి నల్లని స్రావం, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం దీని లక్షణాలు. ఆంఫోటెరిసిన్-బి మందుతో పాటు కుళ్ళిన కణజాలాన్ని తొలగించే శస్త్రచికిత్స అవసరం. ప్రాణం కాపాడటానికి కొందరికి కంటిని పూర్తిగా తొలగించవలసి వచ్చింది.

మధుమేహం

మధుమేహాన్ని తెలంగాణ వాడుకలో షుగర్ అని, చక్కెర జబ్బు అని పిలుస్తారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. 40 ఏళ్ళు దాటిన మధుమేహ రోగులపై జరిపి 2022లో ప్రకటించిన మరొక జాతీయ అధ్యయనంలో 12.5 శాతం మందికి, అనగా ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి, రెటీనా దెబ్బతిన్నట్లు తేలింది. 4 శాతం మందిలో అది చూపు పోయే ప్రమాదమున్న దశలో ఉన్నది.

డయాబెటిక్ రెటినోపతి

ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండటం వలన రెటీనాలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. మొదట అవి చిన్న బుడగలవలె ఉబ్బుతాయి. తరువాత వాటినుండి ద్రవం, కొవ్వు, రక్తం కారుతాయి. ఈ ద్రవం మాక్యులాలో చేరితే చదువు కష్టమవుతుంది. కొన్ని నాళాలు మూసుకుపోయి రెటీనాకు ప్రాణవాయువు అందదు. అప్పుడు రెటీనా కొత్త రక్తనాళాలను పుట్టించే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అట్లా పుట్టిన నాళాలు పెళుసుగా ఉండి సులువుగా చిట్లుతాయి. కంటి లోపల రక్తం నిండి ఒక్కసారిగా చూపు పోవచ్చును. వాటి వెంట ఏర్పడే పీచు పొరలు రెటీనాను లాగి ఊడదీస్తాయి.

ఈ వ్యాధి విషయంలో గుర్తుంచుకోదగిన అంశం, మొదటి దశలలో నొప్పి గాని, ఎరుపు గాని, చూపు తగ్గడం గాని ఉండకపోవడం. గోడపై ఉన్న అక్షరాలన్నీ చదవగలిగిన వ్యక్తి రెటీనాలో కూడా కొత్త రక్తనాళాలు ఉండవచ్చును. అందుచేత చూపు పరీక్ష వేరు, రెటీనా పరీక్ష వేరు. కంటిపాపను విప్పార్చే చుక్కలు వేసి గాని, రెటీనా కెమెరాతో ఫొటో తీసి గాని వెనుకభాగాన్ని చూసినప్పుడే వ్యాధి తెలుస్తుంది.

మధుమేహం వలన కలిగే ఇతర కంటి సమస్యలు

* శుక్లాలు చిన్న వయసులోనే రావడం.
* చక్కెర హెచ్చుతగ్గులతో పాటు కళ్ళజోడు నంబరు మారుతూ ఉండటం. చక్కెర అదుపులోకి రాకముందు కొత్త కళ్ళజోడు చేయించుకుంటే అది కొన్ని వారాలకే పనికిరాకుండా పోవచ్చును.
* కొత్త రక్తనాళాల వలన వచ్చే తీవ్రమైన నీటికాసులు.
* కంటి కండరాల నాడులు చచ్చుబడి హఠాత్తుగా మెల్లకన్ను ఏర్పడటం, ఒకటి రెండుగా కనబడటం.
* ఇన్ఫెక్షన్లు తరచుగా రావడం, గాయాలు, పుండ్లు ఆలస్యంగా మానడం.

పరీక్షలు, చికిత్స

రెండవ రకం మధుమేహం ఉన్నట్లు తెలిసిన వెంటనే ఒకసారి, తరువాత ఏటా ఒకసారి రెటీనా పరీక్ష చేయించుకోవలెను. మొదటి రకం వారికి వ్యాధి మొదలైన ఐదేళ్ళ నుండి ఏటా పరీక్ష అవసరం. మధుమేహం ఉన్న స్త్రీలు గర్భం ధరించినప్పుడు తొలి నెలలలోనే పరీక్ష చేయించుకోవలెను.

చక్కెరను అదుపులో ఉంచడం వలన కలిగే మేలు స్పష్టంగా నిరూపించబడినది. అమెరికా, కెనడాలలో జరిగి 1993లో ప్రకటించబడిన అధ్యయనంలో, మొదటి రకం మధుమేహం ఉన్నవారిలో గట్టి అదుపు వలన కొత్తగా రెటినోపతి వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. రక్తపోటును అదుపులో ఉంచడం కూడా అంతే ముఖ్యం. ముదిరిన దశలో లేజర్ చికిత్స, కంటిలోనికి ఇచ్చే బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు, రక్తాన్ని, పొరలను తొలగించే విట్రెక్టమీ శస్త్రచికిత్స ఉపయోగపడతాయి. లేజర్ వలన చూపు పెరుగుతుందని ఆశించరాదు. మిగిలిన చూపు పోకుండా కాపాడటమే దాని ఉద్దేశం.

క్యాన్సర్

రెటినోబ్లాస్టోమా

ఇది చిన్నపిల్లల రెటీనాలో పుట్టే క్యాన్సర్. సాధారణంగా ఐదేళ్ళలోపు వయసులో బయటపడుతుంది. సుమారు 15 వేల నుండి 20 వేల జననాలకు ఒకరికి వస్తుంది. 13వ క్రోమోజోముపై ఉన్న ఆర్.బి.1 అనే జన్యువు రెండు ప్రతులూ చెడిపోవడం దీనికి కారణం. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే శాస్త్రవేత్త ఈ వ్యాధిని పరిశీలించి చేసిన ప్రతిపాదన క్యాన్సర్ జన్యుశాస్త్రానికి పునాదులలో ఒకటైనది. సుమారు 40 శాతం మందిలో ఈ వ్యాధి వారసత్వంగా సంక్రమించగల రకానికి చెందినది. కాబట్టి తోబుట్టువులను కూడా పరీక్షించవలెను.

మొదటి లక్షణం కంటిపాపలో తెల్లని మెరుపు. చీకటిలో పిల్లి కన్ను మెరిసినట్లు బిడ్డ కన్ను మెరుస్తున్నదని తల్లులే ముందుగా గమనిస్తుంటారు. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, మరొకటి తెల్లగా కనిపించవచ్చును. రెండవ లక్షణం మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని, పెద్దయితే సర్దుకుంటుందని కొన్ని కుటుంబాలలో ఉన్న నమ్మకం వలన విలువైన నెలలు గడిచిపోతాయి. పిల్లలలో మెల్లకన్ను చాలావరకు క్యాన్సర్ కాదు. కానీ పరీక్ష చేయనిదే ఆ మాట చెప్పలేరు.

క్యాన్సర్ కంటి లోపలే ఉన్న దశలో గుర్తిస్తే దాదాపు అందరు పిల్లలూ బ్రతుకుతారు. కీమోథెరపీ, లేజర్, శీతల చికిత్సలతో చాలామందిలో కంటిని కూడా కాపాడవచ్చును. దృక్‌నాడి గుండా మెదడుకు, ఎముకలకు పాకిన తరువాత ప్రాణం కాపాడటం కష్టం. కన్ను తీసివేయవలెనని చెప్పినప్పుడు తల్లిదండ్రులు చికిత్స మానుకొని వెళ్ళిపోవడం ఒక విషాదం. ఆ శస్త్రచికిత్స బిడ్డ ప్రాణాన్ని నిలుపుతుంది. తరువాత కృత్రిమ కన్ను అమర్చుతారు. ఒక కంటి చూపుతో బిడ్డ చదువు, ఆటలు సాగుతాయి.

పెద్దలలో వచ్చే క్యాన్సర్లు

తెల్లగుడ్డు, కార్నియా కలిసే చోట కండవలె పెరిగే క్యాన్సర్ ఎండలో పనిచేసేవారిలోను, హెచ్.ఐ.వి. ఉన్నవారిలోను ఎక్కువగా కనిపిస్తుంది. రెప్పలోని తైలగ్రంథి క్యాన్సర్ పైకి కంటికురుపు మాదిరిగా ఉంటుంది. కోసి తీసిన కురుపు అదే చోట మళ్ళీ వచ్చినా, రెప్ప వెంట్రుకలు రాలిపోయినా ముక్క పరీక్ష చేయించవలెను.

ఇతర అవయవాల క్యాన్సర్లు

రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కంటి మధ్యపొరకు పాకవచ్చును. రక్త క్యాన్సర్‌లో రెటీనాలో రక్తస్రావాలు కనిపిస్తాయి. మెదడులోని కంతుల వలన ఒత్తిడి పెరిగి దృక్‌నాడి మొదలు ఉబ్బుతుంది. కొన్నిసార్లు తలనొప్పితో కళ్ళజోడు కొరకు వచ్చిన వ్యక్తిలో కంటి వైద్యుడే ఈ ఉబ్బును మొదట గుర్తిస్తాడు. తలకు ఇచ్చే రేడియేషన్ వలన శుక్లాలు, రెటీనా దెబ్బతినడం సంభవించవచ్చును.

వైద్య సదుపాయాలు

మెదక్ పట్టణంలో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉన్నది. ప్రత్యేక చికిత్సలకు హైదరాబాదు వెళ్ళవలసి ఉంటుంది. మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ముఖ్యమైనది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించారు. ఈ సంస్థలో కార్నియా, రెటీనా, కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగాలు, నేత్రనిధి ఉన్నవి. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ క్యాన్సర్ చికిత్సా కేంద్రం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్రింద పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స లభిస్తుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. నర్సాపూర్ మీదుగా రోడ్డు మార్గంతో పాటు 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలు సౌకర్యం కూడా ఏర్పడినది.

కంటి వెలుగు

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లాలోని మల్కాపూర్ గ్రామంలో కంటి వెలుగు పథకాన్ని ప్రారంభించింది. మొదటి విడతలో 1.5 కోట్ల మందికి పైగా ప్రజలకు కంటి పరీక్షలు జరిగాయి. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైనది. ఈ శిబిరాల ప్రధాన ఉద్దేశం చూపు పరీక్ష, కళ్ళజోళ్ళ పంపిణీ. దగ్గరి చూపు కళ్ళజోడు లేక సూదిలో దారం ఎక్కించలేకపోయిన ఎందరికో ఇది మేలు చేసింది. అయితే శిబిరంలో చూపు బాగున్నదని తేలిన మధుమేహ రోగి కూడా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవలసినదే.

వెంటనే పరీక్ష అవసరమైన లక్షణాలు

* కంటి ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం.
* వరిపొట్టు, ముల్లు, గడ్డి తగిలిన తరువాత మరుసటి రోజుకు కూడా తగ్గని బాధ, నల్లగుడ్డుపై తెల్లని చుక్క.
* కళ్ళ ముందు హఠాత్తుగా నల్లని తీగలు, చుక్కలు, మెరుపులు, తెర పడినట్లుండటం.
* బిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు, కొత్తగా వచ్చిన మెల్లకన్ను.
* మధుమేహ రోగిలో ముఖంపై ఒక ప్రక్క వాపు, మొద్దుబారడం, రెప్ప వాలిపోవడం.
* శుక్లాల శస్త్రచికిత్స జరిగిన కొద్దిరోజులకు నొప్పి, చూపు తగ్గడం. ఇది కంటి లోపల చీము పట్టడానికి సూచన కావచ్చును. గంటల వ్యవధిలో చికిత్స అందవలెను.

నివారణ

* కోతలు, నూర్పిళ్ళ సమయంలో సాదా రక్షణ కళ్ళద్దాలు ధరించడం. నలక పడితే నలపకుండా శుభ్రమైన నీటితో కడగడం.
* పసర్లు, స్టిరాయిడ్ చుక్కలు సొంతంగా వాడకుండుట.
* చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ అదుపులో ఉంచుకొనుట. పొగాకు మానుట.
* పిల్లలకు తట్టు - రుబెల్లా టీకా, విటమిన్ ఏ మోతాదులు సకాలంలో వేయించుట. ఆకుకూరలు, బొప్పాయి, పాలు, గ్రుడ్లు ఇచ్చుట.
* మరణానంతరం నేత్రదానానికి కుటుంబసభ్యులు అంగీకరించుట. మరణించిన 6 గంటలలోపు కార్నియా సేకరించవలసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారు, శుక్లాల శస్త్రచికిత్స జరిగినవారు కూడా నేత్రదానం చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* కన్ను
* మధుమేహం
* కళ్ళకలక
* నేత్రదానం
* కంటి వెలుగు
* మెదక్